తర్వాతి వచనం

ఒడిలో బైబిలు తెరిచే ఉంది, వేలు ఆ వచనం మీదే ఉంది, ఎదురుగా తెర మీద మాత్రం ఎవరో కుర్రాడు కొండెక్కుతున్నాడు. కొండ కింద పెద్దపెద్ద అక్షరాల్లో 'ఈ సోమవారం నీదే' అని ఉంది. నవ్వొచ్చింది, పళ్లబిగువున ఆపుకున్నాను, ఎందుకంటే మా మందిరం పాస్టరు చిన్నయ్యగారు నా వైపే చూస్తూ ప్రసంగం మొదలుపెట్టారు. ఇందాక గుమ్మం దగ్గర నా రెండు చేతులూ పట్టుకుని, "ఇవాళ్టిది మీకోసమే తయారుచేశానమ్మా, చివరిదాకా వినండి" అన్నారు. వింటాను, వినకేం. మంచి మనిషి, ఆ మాట ఎవరిముందైనా అంటాను. నాకు స్కానింగు చేస్తుంటే గది బయట బెంచీ మీద మా ఆయన పక్కన పూటంతా కూర్చున్నారు, మా ఆయన నోట్లోంచి మాట ఊడిపడదని తెలిసి ఇద్దరి వంతూ తనే మాట్లాడుతూ. వానలకి మందిరం కప్పు కారితే మనిషిని పిలిచేదాకా ఆగకుండా తనే నిచ్చెనెక్కారు. ఆయన వచ్చాక కుర్చీలు చాలక వెనక బల్లలు వేశారు. ఇన్ని చేసే మనిషి ఇంకొక్కటి చేస్తే, ఎదురుగా ఉన్న ఆ పుస్తకం తెరిచి అందులో ఏముందో చెప్తే, అని ప్రతి ఆదివారం ఈ కుర్చీలో కూర్చుని ఆకలేసినదానిలా ఎదురుచూస్తాను. మొదటి వరసలో కిటికీ పక్క కుర్చీ ఇది, వాక్యం చదివే మనిషి కుర్చీ. ముందు స్టాండు, స్టాండుకి మైకు. ఆ మైకులో నేను చదివి చాలా కాలమైంది, అయినా వెనక సౌండు పెట్టె దగ్గర కూర్చునే మా ఆయన దాన్ని అక్కణ్నించి తీయలేదు. గిటారు వాయించే పిల్లలు వైరు కావాలని ఎన్నిసార్లు అడిగినా "అది పనిలో ఉంది" అంటాడు. ఏం పనిలో ఉందో ఆయనకే తెలియాలి.

రేపు సోమవారం. రేపు పొద్దున్నే నా గొంతు కోస్తారు. ఈ మాట ఇంట్లో ఇలాగే అంటే మా వదిన, అదే మా ఆయన అక్క, చెంపలు వాయించుకుంది. ఆపరేషన్ అనాలట. ఏమంటే ఏం, కత్తి కత్తే. డాక్టరమ్మ దాపరికం లేకుండానే చెప్పింది. గడ్డ తీసేస్తాం, ప్రాణానికి భయం లేదు, కానీ ఆ గడ్డకి ఆనుకునే గొంతు నరం ఉంది, జాగ్రత్తగానే చేస్తాం, అయినా కొందరికి గొంతు బొంగురుపోతుంది, కొందరికి మళ్లీ సర్దుకుంటుంది, కొందరికి సర్దుకోదు అంది. "చదవగలనా అమ్మా?" అని అడిగాను. "చదవడానికి కళ్లుంటే చాలు కదా, గొంతెందుకండీ?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడకేం చెప్పను. ప్రాణభయం అబద్ధం చెప్పను, ఉంది, రాత్రుళ్లు అరచేతులు చెమట పడుతున్నాయి. కానీ దానికంటే పైన ఇంకోటి ఉంది, అది నాకు తప్ప ఎవరికీ పెద్ద విషయంలా కనపడదు. ఈ గొంతు గొంతులా ఉండగా, ఈ మందిరంలో, అందరూ వింటుండగా, ఆగిపోయిన చోటునుంచి ఆ అధ్యాయం చివరిదాకా ఒక్కసారి చదవాలి. ఇవాళ తప్పితే ఇంకే ఆదివారం నా చేతుల్లో లేదు. చిన్నయ్యగారు మొదటి మెట్టు చెప్తున్నారు, పొద్దున లేవగానే అద్దంలో చూసుకుని నువ్వు గెలుస్తావని నీకు నువ్వే చెప్పుకోవాలట. రేపు పొద్దున అద్దంలో చూసుకుంటే ముందు కనపడేది గడ్డే.

ఈ గొంతే నాకు ఇన్నాళ్లూ అన్నం పెట్టింది. బస్‌స్టేషన్‌లో అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది ఆలస్యమో, ఎవరి సంచీ ఎక్కడ దొరికిందో చెప్పడం నా ఉద్యోగం. మొదట్లో వచ్చే బస్సును సంబరంగా, రాని బస్సును దిగులుగా చెప్పేదాన్ని. మా పెద్దాయన ఒకరు, నాకు పని నేర్పిన సూపర్‌వైజరు, "నువ్వు దిగులుపడితే బస్సు తొందరగా వస్తుందా తల్లీ?" అని అడిగాడు. అప్పటినుంచి ఒకటే గొంతు. పండినా ఎండినా ఒకటే గొంతు. ఒకసారి పెద్దయ్యగారు, అంటే చిన్నయ్యగారికి ముందు మా సంఘానికి కాపరిగా ఉన్నాయన, బస్సు కోసం వచ్చి కూర్చున్నారు. బస్సు ఎంతకీ రాలేదు, జనం గోల, పసిపిల్లల ఏడుపులు. నేను మాత్రం నా మానాన నేను చెప్పుకుపోతున్నాను. బస్సెక్కేముందు ఆయన నా కిటికీ దగ్గరికొచ్చి, "ఈ గొంతు పెట్టుకుని ఆదివారం చివరి వరసలో దాక్కుంటున్నావా?" అన్నారు. అప్పటిదాకా మా మందిరంలో వాక్యం చదివేది ఓ లెక్కల మాస్టారు. పాపం, ఆయన చదివితే ప్రవక్తలు ఏడ్చినచోట ఏడ్చేవాడు, ఉరిమినచోట ఉరిమేవాడు, పసిపిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్లు. పెద్దయ్యగారు నాతో అన్నది ఒకటే. "బస్సొచ్చిందని చెప్పినట్టు చదువు. ఆ బస్సు నువ్వు తెచ్చింది కాదు, నడిపేదీ నువ్వు కాదు. వచ్చిందని అందరికీ వినపడేలా చెప్పు, ఎక్కేవాళ్లు ఎక్కుతారు. నా పనీ అంతే, నేను కాస్త ఎక్కువసేపు చెప్తాను." బస్‌స్టేషన్‌లో ఇప్పుడు నేను లేను, ఏదో యంత్రం చెప్తోంది, దాని గొంతు నాకంటే తియ్యగా ఉంటుందని వదిన అంటుంది. తియ్యగానే ఉంటుంది, కాదనను.

పెద్దయ్యగారికి గొంతు తడారిపోయే జబ్బు ఉండేది. ప్రసంగం బల్ల మీద మూతపెట్టిన గ్లాసు ఉండేది, పాత ఇత్తడి గ్లాసు, వదిన తోమి తోమి బంగారంలా మెరిపించేది. ఆయన ఒక వచనం చెప్పడం అయిపోగానే మూత తీసి గ్లాసెత్తేవారు, ఆయన గుటకలు వేసేలోగా నేను లేచి తర్వాతి వచనం చదివేదాన్ని. ఎవరు పెట్టిన నియమమూ కాదు, ఆయన దాహంలోంచి పుట్టింది. 'చదువు' అని ఆయన నోటితో అనేవారు కాదు. గ్లాసు లేచిందంటే చదవాలి, అంతే. కొన్నాళ్లకి అది నా ఒక్కదానిదే కాకుండా పోయింది. గ్లాసు లేస్తే సంఘమంతా తలలు వంచి వేలు కిందికి జరిపేది, పేజీ తిరగాల్సి వస్తే అందరివీ ఒక్కసారే తిరిగేవి, ఆ చప్పుడు నాకెంత ఇష్టమో చెప్పలేను. కిరాణా కొట్టాయన చేతిలోనూ అదే పేజీ, ఆయన దగ్గర అరువు పెట్టి తప్పించుకు తిరిగే దర్జీ చేతిలోనూ అదే పేజీ. ఎవరికి ఏది తగలాలో అది తగిలేది. పెద్దయ్యగారు ఎవరినీ దృష్టిలో పెట్టుకుని చెప్పేవారు కాదు, పోయిన వారం ఎక్కడ ఆపారో అక్కణ్నించే ఎత్తుకునేవారు, కాబట్టి ఎవరూ అలగడానికి వీల్లేదు. నన్నే అన్నారని ఎవరైనా మొహం ముడుచుకుంటే, "వరసలో వచ్చింది నాయనా, నేనేం చేయను" అని నవ్వేవారు. వదిన మాత్రం, "మీ పెద్దయ్యగారు ప్రభువును పడవెక్కిస్తే దింపడానికి నెల పడుతుంది, ఈలోగా మనం మునుగుతాం" అనేది. అంటూనే ముందు వరసలో కూర్చునేది.

ఆయనకీ తగిలింది ఒకసారి. ఆ రోజు ఉదయం మందిరం ఊడ్చే ఆవిడ గ్లాసు కింద పడేసి సొట్ట పెట్టిందని నలుగురిలో కేకలేశారు. ఆ ఆదివారం మేము నడుస్తున్నది నాలుక గురించిన అధ్యాయం. చిన్న నిప్పురవ్వ అంత అడవినీ తగలబెడుతుందనే చోటు. గ్లాసెత్తారు, నేను చదివాను. ఆయన మొహం మారింది. "మళ్లీ" అన్నారు. మళ్లీ చదివాను. "మళ్లీ." మూడోసారి చదివేసరికి నా గొంతే నాకు కొత్తగా వినపడింది. అప్పుడాయన మెట్లు దిగి, వెనక తలుపు దగ్గర చీపురు పక్కన కూర్చున్న ఆవిడ ముందు నిలబడి, "తప్పయిపోయిందమ్మా" అన్నారు. ఆవిడ బిత్తరపోయి లేచి నిలబడింది. వెనక్కొచ్చి, ఇవాళ్టికి ప్రసంగం అయిపోయింది, మీ మీ ఇళ్లల్లో మీరు పూర్తి చేసుకోండి అన్నారు. ఆ వారం మా వీధిలో ఎవరెవరు ఎవరి తలుపులు తట్టారో, దర్జీ కిరాణా కొట్టుకి ఎందుకు వెళ్లాడో, వదిన నా గదిలోకొచ్చి నా తల ఎందుకు దువ్విందో నాకు తెలుసు. దువ్వుతూ, "పెళ్లైన కొత్తలో నిన్ను చాలా మాటలన్నాను కదే" అంది. ఆ గ్లాసుకి ఆ సొట్ట ఇప్పటికీ ఉంది.

చిన్నయ్యగారు దగ్గారు. జలుబు చేసినట్టుంది, గొంతు గరగరలాడుతోంది, అయినా ఆపడం లేదు. రెండో మెట్టు, భయాన్ని నవ్వుతో ఎదుర్కోవాలి. నవ్వమన్నారు. అందరూ పక్కవాళ్ల మొహం చూసి నవ్వుతున్నారు, నా పక్క కుర్చీ ఖాళీ, నేను కిటికీని చూసి నవ్వాను. ఎంత కష్టపడుతున్నారు పాపం, ఈ కబుర్లన్నీ ఎక్కణ్నించి ఏరుకొస్తారో, ఆయన చెప్పిన ఓడ కెప్టెన్ల కథలు, పరుగు పందాల కథలు అన్నీ బాగుంటాయి, ఇంటికెళ్లేదాకా గుర్తుంటాయి. ఇంటికెళ్లి తలుపు తీశాక ఉండవు. నాకు నవ్వడం రాక కాదు అయ్యగారూ. నా వేలి కింద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మీరొచ్చినప్పటినుంచీ, మీరు రాకముందునుంచీ, అక్కడే నిలబడి ఉన్నాడు.

అతను ఆ కాలపు ప్రార్థనామందిరానికి పెద్ద, బిడ్డ చావుబతుకుల్లో ఉందని ప్రభువు కాళ్లమీద పడ్డాడు. ప్రభువు సరేనని బయల్దేరారు. దారిలో జనం, ఆ జనంలో ఏళ్ల తరబడి రక్తస్రావంతో బాధపడే ఒకావిడ వెనకనుంచి బట్ట అంచు ముట్టుకుంది. ప్రభువు ఆగిపోయారు. ఎవరు ముట్టుకున్నారని అడగడం, ఆవిడ వణుకుతూ వచ్చి తన కథంతా చెప్పుకోవడం, ఆయన నింపాదిగా వినడం. పెద్దయ్యగారు ఇక్కడ మమ్మల్ని ఆవిడవైపు చూడనివ్వలేదు, తండ్రివైపు తిప్పారు. "కూతురు అవతల కొట్టుకుంటోంది, ఇక్కడ ఈవిడ కథ తెమలడం లేదు. అతని కాళ్లు చూడండి, ఎలా తొక్కుకుంటున్నాడో" అన్నారు. గ్లాసెత్తారు. నేను చదివాను. ఆయన ఇంకా మాట్లాడుతుండగానే ఇంటినుంచి మనుషులొచ్చి, నీ కూతురు పోయింది, ఇంకా ఈయన్నెందుకు శ్రమపెట్టడం అన్నారని. బస్సు రాదని చెప్పినట్టే చదివాను. ఎవరో వెనక వెక్కడం వినపడింది. పెద్దయ్యగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇవాళ్టికి ఇక్కడ ఆపుదాం. తర్వాతి మాట మీ అందరికీ తెలుసు, చూడొద్దు. వారం రోజులు ఈ తండ్రిని వీధిలోనే నిలబెడదాం. ఇలాంటి వారాలు మనకీ వస్తాయి, అలవాటు కావాలి. వచ్చే ఆదివారం ఇంటికి తీసుకెళ్దాం."

వచ్చే ఆదివారం రాలేదు. అంటే క్యాలెండర్లో వచ్చింది, ఆయన రాలేదు. వారం మధ్యలో పడిపోయారు. కుడివైపు చచ్చుబడింది, మాట పడిపోయింది. ఆ నోరు, నాలుగు దశాబ్దాలు ఇంకొకరి మాట తప్ప తన మాట చెప్పని నోరు, అమ్మగారు, అంటే ఆయన భార్య, చెంచాతో పోసిన నీళ్లు కూడా నిలుపుకోలేకపోయింది. వెళ్లినప్పుడల్లా పుస్తకం పట్టుకెళ్లేదాన్ని. కీర్తనలు చదివితే కళ్లు మూసుకుని వినేవారు. ఒకరోజు ధైర్యం చేసి ఆ అధ్యాయం తీశాను, ఆగినచోటు. నోరు తెరిచేలోగా ఆయన ఎడమ చెయ్యి పైకి లేచి నా చేతుల్లో పుస్తకం మూసేసింది. ఎంత బలంగా మూశారో, వేలు నలిగింది. తర్వాత ఆ చేత్తోనే కిటికీవైపు చూపించారు. కిటికీలోంచి మందిరం గోడ కనపడుతుంది. ఇక్కడ కాదు, అక్కడ. నాకు అర్థమైంది, తలూపాను. ఆ తల ఊపడమే నన్ను ఇప్పటిదాకా ఈ కుర్చీకి కట్టేసింది. ఆయన పోయాక కూడా ఆ వచనం దాటి నేను ఒంటరిగా చదవలేదు. తర్వాతి మాట తెలియదా? చిన్నప్పట్నించీ తెలుసు, కంఠతా వచ్చు. తెలిసినంత మాత్రాన సరిపోతే రాత్రుళ్లు అరచేతులు చెమట పట్టవు. తెలిసిన మాటనే ఇంకొకరు నా మొహం మీద చెప్పాలి, నా పక్కన నలుగురు వింటూ ఉండగా చెప్పాలి, అది నాకు కావాలి. ఎంత కావాలో ఎవరికి చెప్పుకోను.

చిన్నయ్యగారికే చెప్పుకున్నాను ఒకసారి. "అయ్యగారూ, ఆ అధ్యాయం సగంలో ఉండిపోయింది" అన్నాను. ఆయన ఎంతో మర్యాదగా, "అందరికీ తెలిసిన కథే కదమ్మా. జనం వారానికి ఒక్క గంట ఇస్తారు. వాళ్ల సోమవారానికి పనికొచ్చేదేదో చెప్పి పంపాలి కదా" అన్నారు. తప్పని ఎలా అనను, కుర్రాడు, ఆ గంట వృథా కాకూడదని పాపం నిద్ర మానుకుంటాడు. ఆ కథే నా సోమవారానికి పనికొచ్చేదని అప్పుడు నాకే తెలియదు, అప్పటికి గడ్డ బయటపడలేదు. ఇప్పుడు తెలుసు, కానీ మళ్లీ అడగలేను, అడిగితే జాలిపడి చదవమంటారు. ఆపరేషనుకెళ్లే మనిషి కోరికని చదవనిస్తారు, అందరూ నన్ను చూస్తారు, అయ్యో పాపం అనుకుంటారు. ఆ తండ్రిని ఎవరూ చూడరు. నాకలా వద్దు.

మూడో మెట్టు అంటూనే మళ్లీ దగ్గు. ఈసారి ఆగడం లేదు. చెంపకి అంటించుకున్న మైకులో ఆ దగ్గు మందిరమంతా దడదడలాడుతోంది, వెనక మా ఆయన గబగబా ఏదో తిప్పుతున్నాడు. వదిన లేచింది. చేతిలో మూత ఉన్న గ్లాసు. ఆ గ్లాసే. గోరువెచ్చని నీళ్లనుకుంటాను, అంచున ఆవిరి. తీసుకెళ్లి బల్ల మీద, ఎప్పుడూ పెట్టే చోటే, కుడివైపు అంచుకి బెత్తెడు ఇవతల పెట్టి వచ్చి కూర్చుంది. నావైపు చూడలేదు. వంటింట్లో అన్ని గ్లాసులుండగా వెతికి వెతికి ఈ గ్లాసెందుకు తెచ్చావు వదినా? మా వదిన అమాయకురాలేం కాదు. చిన్నయ్యగారు కృతజ్ఞతగా తలూపి, మూత తీసి, గ్లాసెత్తారు.

నేను లేవాలనుకోలేదు. నిజంగా అనుకోలేదు, మోకాళ్లు వాటంతటవే లేచాయి. గ్లాసు లేచింది, నేను లేచాను, నా చుట్టూ పాతవాళ్ల తలలు వంగాయి, గొంతు దానంతటది తెరుచుకుంది. ఆ మాట విన్న ప్రభువు ఆ తండ్రితో భయపడకు, నమ్ము, అంతే చాలు అన్నారని చదివాను. ముందున్న మైకు పలకలేదు, వట్టి గొంతు, అయినా మందిరం చివరిదాకా వెళ్లడం నాకు తెలిసింది, బస్‌స్టేషన్‌లో కరెంటు పోయిన రోజుల్లో అలాగే చెప్పేదాన్ని. చదివేశాక తెలిసింది ఏం చేశానో. చిన్నయ్యగారు గ్లాసు పెదాల దగ్గరే పెట్టుకుని నావైపు చూస్తున్నారు. బల్లల మీద కూర్చున్న కొత్తవాళ్లు మెడలు చాచారు. కూర్చోవాలి, క్షమించమనాలి. చిన్నయ్యగారు ఏం చేయాలో తోచక, ఇబ్బందిలో పడ్డ మనిషి ఎవరైనా చేసే పనే చేశారు. ఇంకో గుటక వేశారు.

గ్లాసు లేచింది కదా. చదివాను. తన ముగ్గురు శిష్యుల్ని తప్ప ఎవరినీ వెంట రానివ్వలేదని. ఈసారి నా గొంతు పైనుంచి వచ్చింది, నాలుగు మూలల పెట్టెల్లోంచి, పెద్దగా, తేటగా, నా ముందున్న మైకులోంచి. వెనక్కి తిరక్కుండానే తెలుసు, ఆ బొత్తాం మీద ఎవరి వేలుందో. గడ్డ సంగతి తెలిసిన రోజునుంచి నాతో దాని గురించి ఒక్క మాట మాట్లాడని మనిషి. మైకు పనిలో ఉంది మరి. పేజీలు తిరిగాయి. ముందు నాలుగైదు, తర్వాత గుప్పున అన్నీ, కొత్తవాళ్లు కుర్చీల కింద పుస్తకాలకోసం తడుముకుంటున్న చప్పుడు, "ఎక్కడ, ఎక్కడ" అని గుసగుసలు, దర్జీ తన పుస్తకం పక్కవాడి ఒళ్లోకి జరిపి వేలితో చూపిస్తున్నాడు. ఎంతకాలమైందో ఈ చప్పుడు విని. కళ్లు మసకబారాయి, అక్షరాలు కనపడలేదు, ఫర్వాలేదు, కంఠతా వచ్చు.

చిన్నయ్యగారు ఆ తలలన్నీ చూశారు. గ్లాసు చూశారు, దాని సొట్ట చూశారు. నన్ను చూశారు. తెలివైన మనిషి, తెలివి తక్కువని నేనెప్పుడూ అనలేదు. తెర మీద కుర్రాడు కొండ మధ్యలో ఒంటికాలి మీద ఆగిపోయాడు, నిలబడటం ఇప్పుడు వాడి వంతు. చిన్నయ్యగారు తను ప్రసంగం చూసుకునే ట్యాబ్ ఆర్పి పక్కన పెట్టారు. పెట్టి, గ్లాసుని రెండు చేతులతో ఎత్తి, నా కళ్లలోకి చూస్తూ, అడిగినట్టుగా, నెమ్మదిగా తాగారు. ఇల్లు చేరారని, అక్కడ ఏడుపులూ పెడబొబ్బలూ అని చదివాను. గ్లాసు. పిల్ల పోలేదు, నిద్రపోతోంది అన్నారని, అందరూ ఆయన్ని చూసి నవ్వారని చదివాను. రేపు నన్నూ నిద్రపుచ్చుతారు, ముక్కు మీద ఏదో పెట్టి. గ్లాసెత్తారు, వంచారు, చుక్క రాలేదు. వదిన లేచి, కూజా పట్టుకుని, ఎవరింటికో భోజనానికొచ్చిన చుట్టాలకి వడ్డిస్తున్నంత తీరిగ్గా నడిచివెళ్లి గ్లాసు నింపింది. ఎవరో పక్కున నవ్వారు, చిన్నయ్యగారూ నవ్వారు, ఆ నవ్వులో దగ్గారు. గ్లాసెత్తారు.

అందర్నీ బయటికి పంపి, తల్లినీ తండ్రినీ తీసుకుని పిల్ల ఉన్న గదిలోకి వెళ్లారు. పిల్ల చెయ్యి పట్టుకున్నారు. లే అన్నారు. లేచి నడిచింది. పన్నెండేళ్ల పిల్ల. నేను ఏడవలేదు, పెద్దయ్యగారి మీద ఒట్టు, బస్సొచ్చిందని చెప్పినట్టే చదివాను. బస్సొచ్చింది. ఇన్నాళ్లకి ఆ తండ్రి వీధిలోంచి కదిలి, తన ఇంటి గడప దాటి, తన బిడ్డని చూసుకున్నాడు. ఇంక ఒక్క వచనమే ఉంది. చిన్నయ్యగారు గ్లాసు ఖాళీ చేశారు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని గట్టిగా చెప్పారని, పిల్లకి తినడానికి ఏమైనా పెట్టమన్నారని చదివాను. అధ్యాయం అయిపోయింది.

పసిపిల్ల ఒకతె ఎక్కడో ఉంగా ఉంగా అంటోంది. చిన్నయ్యగారు చెంప మీది మైకు ఊడదీసి బల్ల మీద పెట్టారు. బల్ల మీది పెద్ద పుస్తకం దగ్గరికి లాక్కుని, పేజీలు తిప్పి, ఆ చోటు వెతుక్కున్నారు. వేలు పెట్టి చదువుకున్నారు, పెదాలు కదులుతున్నాయి. చాలాసేపటికి తలెత్తి, నన్ను కాదు, అందర్నీ చూశారు. ఆకలిగా ఉన్నవాళ్లని అప్పుడే చూసిన మనిషిలా ఉంది ఆయన మొహం. తర్వాత నావైపు తిరిగి, జలుబు గొంతుతో, ఎవరూ ఆయనకి నేర్పని ఒకే ఒక్క మాట అన్నారు.

"మళ్లీ."

రేపటి సంగతి రేపు. ఇవాళ గొంతుంది. చదివాను.